చదివించి రాయించడం ఎలా? 6, 7, 8 తరగతుల భాషా టీచర్లకు

నోట్సులు దిద్దుతుంటే వరుసగా పదో పుస్తకంలో కూడా అదే వాక్యం కనిపించిందంటే, ఒకసారి మీరిచ్చిన ప్రశ్న వైపు చూడండి. ‘ఈ పాఠం వల్ల మీరు ఏం నేర్చుకున్నారు?’ అని అడిగితే ‘అందరితో మంచిగా ఉండాలని నేర్చుకున్నాను’ అనే వస్తుంది. ఆ జవాబు రాయడానికి పాఠం చదవక్కర్లేదు. పాఠం పేరు చూసినా రాసేయొచ్చు, పక్కవాడి పుస్తకం చూసినా రాసేయొచ్చు.

ఈ మూడు తరగతుల పిల్లల్లో చాలామంది కూడబలుక్కుని చదివే దశ దాటేసి ఉంటారు. గడగడా చదువుతారు కూడా. చదివినదాని గురించి సొంతంగా నాలుగు వాక్యాలు రాయమంటే మాత్రం పెన్ను కదలదు. అందుకని ఏ అసైన్‌మెంట్ ఇచ్చేముందైనా ఒక్క సంగతి చూసుకోండి: ఇది రాయడానికి పిల్లవాడు మళ్లీ పాఠం తెరవాల్సి వస్తుందా? రాకపోతే ఆ పని ఇవ్వకండి. కింద చెప్పేవన్నీ ఆ ఒక్కదాని కోసమే.

1. ముందు మీరే రాసి చూడండి

ప్రశ్న బోర్డు మీద వేసే ముందు రోజు దాని జవాబు మీరే ఒక కాగితం మీద రాయండి. మనసులో అనుకోవడం చాలదు, చేత్తో రాయాలి. మీకు ఆరు నిమిషాలు పడితే పిల్లలకు కనీసం మూడింతలు పడుతుందని లెక్క వేసుకోండి. రాస్తున్నప్పుడు పాఠంలో ఏ వాక్యం దగ్గరికి వెనక్కి వెళ్లారో గీత పెట్టుకోండి. ఒక్కసారి కూడా వెళ్లలేదంటే ఆ ప్రశ్న పనికిరాదని అప్పుడే తెలిసిపోతుంది. ఇంకో లాభం కూడా ఉంది: పిల్లలు ఎక్కడ ఆగిపోతారో మీకు ముందే తెలుస్తుంది, ఎందుకంటే మీరూ అక్కడే కాస్త ఆగి ఉంటారు.

2. చిన్న పాఠం, ముందు కాస్త నేపథ్యం

రాయించడానికి పెద్ద పాఠం అక్కర్లేదు. అర పేజీ నుంచి ఒక పేజీ చాలు. పది పేజీల కథ చదివించి పది లైన్లు రాయించేకంటే, అందులోంచి ఒక సన్నివేశం తీసుకుని రెండుసార్లు చదివించి రాయిస్తే పిల్లలకు ఎక్కువ దక్కుతుంది. మొత్తం కథ చదవనివ్వండి, రాయడానికి మాత్రం ముక్క ఇవ్వండి.

పాఠంలో ఉన్న విషయం గురించి పిల్లలకు ముందు ఎంత తెలుసన్నది కూడా చూడండి. 1988లో డోనా రెక్ట్, లారెన్ లెస్లీ అనే ఇద్దరు పరిశోధకులు ఏడు, ఎనిమిది తరగతుల వయసున్న 64 మంది పిల్లలతో ఒక బేస్‌బాల్ ఆట వర్ణన చదివించారు. చదివాక చిన్న నమూనా మైదానం మీద చెక్క బొమ్మలు కదుపుతూ ఏం జరిగిందో చూపించమన్నారు. చదవడంలో వెనకబడినా ఆట తెలిసిన పిల్లలు, బాగా చదవగలిగీ ఆట తెలియని పిల్లలకంటే మెరుగ్గా చేశారు. కాబట్టి ఒక పిల్లవాడికి ‘చదివినది అర్థం కాలేదు’ అంటే వాడికి చదవడం రాదని వెంటనే తేల్చేయకండి. ఓడ ప్రయాణం గురించిన పాఠమైతే లంగరు అంటే ఏమిటో, తెరచాప ఎందుకో మూడు నిమిషాలు చెప్పి మొదలుపెట్టండి. కథ మాత్రం ముందే చెప్పేయకండి.

కఠిన పదాల జాబితా ఇరవై దాకా పెంచకండి. ఆ పదం తెలియకపోతే వాక్యం అర్థం కాదు అన్నవి నాలుగైదు చాలు. మిగతావి చదువుతుంటే సందర్భాన్నిబట్టి తెలుస్తాయి, తెలియకపోతే అడుగుతారు.

3. పెన్సిల్ పట్టుకుని చదివించండి

మొదటిసారి మీరే పైకి చదవండి. ఈ వయసు పిల్లలకు చదివి వినిపించడం చిన్నతనం అనుకుంటారు కొందరు. అలా ఏమీ లేదు. ఎక్కడ ఆగాలో, ఏ మాటను ఒత్తి పలకాలో వింటేనే వాళ్లకు ఆ వాక్యం తీరు తెలుస్తుంది. రెండోసారి మౌనంగా, చేతిలో పెన్సిల్‌తో చదవమనండి. అర్థం కాని చోట ప్రశ్నార్థకం, ఆశ్చర్యం వేసిన చోట ఆశ్చర్యార్థకం పెట్టాలి. ముఖ్యం అనిపించిన దాని కింద గీత గీయాలి, కానీ ఒక పేరాలో ఒక్క గీతే. ఈ నియమం పెట్టకపోతే పేజీ అంతా గీతలే ఉంటాయి. ఒక్క గీతకే అనుమతి ఉందంటే ఏది గీయాలో ఎంచుకోవాలి, ఎంచుకోవాలంటే ఆలోచించక తప్పదు.

పాఠ్యపుస్తకం మీద రాయకూడదనే పట్టింపు ఉంటే ఆ ముక్కను రఫ్ నోట్సులో అతికించుకోమనండి, లేదా లైన్ నంబరు వేసి పక్కన గుర్తు పెట్టమనండి.

బాగా చదువుతూ, అర్థం తేల్చుకోలేక ఇబ్బంది పడే పిల్లలు ఉంటే గుంపుగా కూర్చోబెట్టి చదివించే పద్ధతి ఒకటి బాగా పనిచేస్తుంది. 1984లో ఆన్‌మేరీ పాలింక్సార్, ఆన్ బ్రౌన్ సరిగ్గా అలాంటి ఏడో తరగతి పిల్లలతోనే దీన్ని పరీక్షించి ఫలితాలు ప్రచురించారు. క్లాసులో దీన్ని ఇలా చేయించొచ్చు: నలుగురి గుంపులో ఒకరు ఇప్పటిదాకా చదివినది రెండు వాక్యాల్లో చెప్పాలి, ఒకరు ప్రశ్న వేయాలి, ఒకరు అర్థం కాని మాటను తేల్చాలి, ఒకరు తర్వాత ఏం జరగొచ్చో ఊహించాలి. తర్వాతి పేరాకు పనులు మారుతాయి. మొదట్లో టీచరు చేసి చూపించి, రానురాను పక్కకు తప్పుకోవాలి. ఈ ‘తప్పుకోవడం’ దగ్గరే మనకు కష్టం. పిల్లలు ఒక నిమిషం మౌనంగా కూర్చుంటే చాలు, మనమే జవాబు చెప్పేస్తాం. ఆ నిమిషం ఓర్చుకోండి.

4. ప్రశ్న తయారుచేయడం

అసలు పనంతా ఇక్కడే ఉంది కాబట్టి ఒక చిన్న ముక్క పెట్టుకుని చూద్దాం.

గ్రంథాలయం తలుపు దగ్గర కిరణ్ రెండుసార్లు ఆగాడు. సంచిలోంచి పుస్తకం తీశాడు, మళ్లీ లోపల పెట్టాడు. చివరికి లోపలికి వెళ్లాడు. ‘ఆలస్యమైందా?’ అంది లైబ్రేరియన్, రిజిస్టరు తెరుస్తూ. ‘లేదండీ, రేపటి దాకా గడువుంది’ అన్నాడు. పుస్తకం ఇస్తున్నప్పుడు మధ్యలో ఒక పేజీ దగ్గర వేలు అడ్డం పెట్టి పట్టుకున్నాడు. ఆమె ఆ వేలి వైపు చూసింది. సంతకం పెట్టించుకుని, ‘ఇంకో పుస్తకం తీసుకెళ్తావా?’ అని అడిగింది.

దీని మీద మామూలుగా ఇచ్చే ప్రశ్నలు ఇవి: కిరణ్ ఎక్కడికి వెళ్లాడు? లైబ్రేరియన్ ఏమని అడిగింది? ఈ కథలోని నీతి ఏమిటి? మొదటి రెండింటికి జవాబు వేలు పెట్టి చూపించొచ్చు. చదివారో లేదో చూసుకోవడానికి నోటితో అడిగి వదిలేయండి, రాయించనక్కర్లేదు. మూడోది ఇంకా నష్టం. కథ చదవకుండానే రాయగలిగే జవాబు అది, పైగా ప్రతి కథకూ ఒక నీతి ఉంటుందనే అలవాటు చేస్తుంది.

ఇప్పుడు ఇలా అడగండి: ‘పుస్తకానికి ఏదో అయిందని ఇందులో ఎక్కడా చెప్పలేదు. అయినా మనకు తెలిసిపోతోంది. ఏ ఏ పనుల వల్ల?’ ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే వెనక్కి వెళ్లి చూడాల్సిందే. తలుపు దగ్గర ఆగడం, పుస్తకం తీసి మళ్లీ పెట్టడం, వేలు అడ్డం పెట్టడం దొరుకుతాయి. కాస్త నిదానంగా చదివినవాడికి గడువు సంగతి కూడా దొరుకుతుంది. గడువు రేపటి దాకా ఉంది కాబట్టి వాడి తటపటాయింపు ఆలస్యం గురించి కాదు. ఆ ఒక్క మాట పట్టుకున్న పిల్లని గమనించండి, ఆ పిల్ల నిజంగా చదువుతోంది.

ఇంకో ప్రశ్న: ‘లైబ్రేరియన్‌కి విషయం తెలిసిందా, లేదా?’ దీనికి రెండు వైపులా వాదించొచ్చు. వేలి వైపు చూసింది కాబట్టి తెలిసిందనొచ్చు. చూసి ఊరుకుంది, పేజీ తిప్పి చూడలేదు, కాబట్టి తెలియలేదనొచ్చు. తెలిసీ ఇంకో పుస్తకం ఇవ్వబోయిందంటే ఆమె ఎలాంటి మనిషి అన్న మరో ప్రశ్న పుడుతుంది. ఇలా పాఠంలోని మాటలతోనే ఇద్దరు పిల్లలు వాదించుకోగలిగితే ఆ ప్రశ్న రాయించడానికి తగినది. ఏ వైపు రాసినా మార్కులు ఉంటాయని ముందే చెప్పండి. లేకపోతే టీచరు మనసులో ఏముందో కనిపెట్టే ప్రయత్నంలో పడతారు.

ప్రశ్న సరిగా వచ్చిందో లేదో చూసుకోవడానికి ఇంకో చిట్కా ఉంది. అందులోంచి కిరణ్, పుస్తకం అన్న మాటలు తీసేసి వేరే పాఠానికి పెట్టి చూడండి. ఏ పాఠానికైనా అతుక్కుంటే అది ఈ పాఠం ప్రశ్న కాదు. ‘ప్రధాన పాత్ర స్వభావం రాయండి’ అన్నది దేనికైనా అతుకుతుంది. గైడుల్లో జవాబులు దొరికేది కూడా ఇలాంటివాటికే.

‘నువ్వే కిరణ్ అయితే ఏం చేస్తావు?’ అన్న ప్రశ్న చాలామందికి ఇష్టం. చర్చకు బాగుంటుంది కానీ రాతపనికి అంత గొప్పది కాదు. అక్కడ పిల్లవాడు తన గురించి రాస్తాడు, పాఠం మూసేసి కూడా రాయగలడు. అడగాలనుంటే చివర్లో అడగండి.

5. చిన్న జవాబు రాయించడం

పుస్తకానికి ఏదో అయిందని ఏ ఏ పనుల వల్ల తెలుస్తోందన్న ప్రశ్నకు రెండు జవాబులు ఇలా వచ్చాయనుకుందాం.

మొదటిది: ‘కిరణ్ భయపడ్డాడు. ఎందుకంటే అతను తప్పు చేశాడు. తప్పు చేస్తే ఎవరికైనా భయం వేస్తుంది. కాబట్టి మనం తప్పులు చేయకూడదు.’

రెండోది: ‘కిరణ్ ఏదో దాస్తున్నాడు. పుస్తకం తీసి మళ్లీ సంచిలో పెట్టాడు. ఆలస్యమైందేమో అనుకుందామంటే రేపటి దాకా గడువుందని తనే అన్నాడు. కాబట్టి గొడవ వేరే ఉంది. ఒక పేజీ దగ్గర వేలు అడ్డం పెట్టాడంటే ఆ పేజీకే ఏదో అయి ఉంటుంది.’

మొదటి జవాబులో అక్షరదోషాలు లేవు, వాక్యాలు బాగానే ఉన్నాయి. అందుకే చాలాసార్లు దానికి మంచి మార్కులు పడిపోతాయి. కానీ రెండో వాక్యం దగ్గరే పాఠం వదిలేసి లోకనీతిలోకి వెళ్లిపోయింది. రెండో జవాబులో ప్రతి వాక్యం పాఠంలో ఒకచోటు చూపిస్తోంది, ఆ చోటు ఎందుకు ముఖ్యమో కూడా చెబుతోంది.

రెండో రకం జవాబు రావాలంటే మొదట్లో ఒక వరుస నేర్పొచ్చు: నీ మాట చెప్పు, పాఠంలో ఆధారం చూపించు, ఆ ఆధారం నీ మాటను ఎలా నిలబెడుతుందో చెప్పు. పిల్లలు మొదటి రెండూ త్వరగానే పట్టుకుంటారు. మూడోదే రాదు. ‘కిరణ్ ఏదో దాస్తున్నాడు. ఎందుకంటే వేలు అడ్డం పెట్టాడు’ అని ఆగిపోతారు. అప్పుడు మీరు అడగాల్సింది ఒక్కటే: ‘అయితే ఏంటి?’ వేలు అడ్డం పెడితే ఏంటి? ఊరికే పట్టుకోవడానికి పెట్టి ఉండొచ్చు కదా? ఆ ప్రశ్నకు నోటితో ఏం చెబుతారో అదే రాయమనండి. చాలామంది పిల్లలు నోటితో చక్కగా చెప్పి, రాయడానికి వచ్చేసరికి పుస్తకభాషలోకి వెళ్లి తడబడతారు. ‘ఇప్పుడు అన్నావే, అదే రాయి’ అనడం ఒక్కోసారి గంట పాఠం కంటే మేలు చేస్తుంది.

ఈ వరుసను మాత్రం సంవత్సరమంతా పట్టుకు వేలాడకండి. కొన్నాళ్లకు ప్రతి జవాబూ ఒకే అచ్చులో వస్తుంది. అలవాటైన పిల్లల్ని ఆధారంతో మొదలుపెట్టమనండి, లేదా ముందు ఎదుటివాళ్ల వాదన చెప్పి తర్వాత తమది చెప్పమనండి.

సారాంశం రాయించేటప్పుడు

సారాంశం అంటే పాఠంలోంచి మొదటి వాక్యం, మధ్యలో ఒకటి, చివరిది తీసి అతికించడం అని చాలామంది పిల్లలు అనుకుంటారు. దీనికి సులువైన మందు పుస్తకం మూయించడమే. చదివాక పుస్తకం మూసి, గుర్తున్నంత రాయమనండి. తర్వాత తెరిచి, వదిలేసింది ముఖ్యమైతే కలపాలి, తప్పుగా రాసింది దిద్దాలి, అక్కర్లేనిది కొట్టేయాలి. పాఠంలో నాలుగో వంతు మించకూడదు.

ఇందులో ఇంకో లాభం ఉంది. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికి 2006లో కాలేజీ విద్యార్థుల మీద చేసిన ప్రయోగంలో, మళ్లీ మళ్లీ చదివినవాళ్లకు ఐదు నిమిషాల తర్వాత ఎక్కువ గుర్తుంది. వారం తర్వాత మాత్రం, చదివినదాన్ని గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. పుస్తకం మూయమంటే పిల్లలు గోల చేస్తారు. చేయనివ్వండి.

6. పెద్ద రచన: ఎవరికి, ఎందుకు, ఎంత

కథ, లేఖ, వ్యాసం ఏదైనా సరే, ‘పుస్తకాల గురించి వ్యాసం రాయండి’ అని బోర్డు మీద వేసి కూర్చుంటే వచ్చేది ‘పుస్తకాలు మనకు మంచి నేస్తాలు’తోనే మొదలవుతుంది. పిల్లవాడు ఎవరికి రాస్తున్నాడు, ఎందుకు రాస్తున్నాడు, ఏ రూపంలో, ఎంత అన్నవి అసైన్‌మెంట్‌లోనే ఉండాలి. పై ముక్క మీదే ఒకటి చూడండి: ‘ఆ రోజు జరిగినదాన్ని లైబ్రేరియన్ తన డైరీలో రాసుకుంటే ఎలా ఉంటుందో రాయి. ఆమె చూసినవి, విన్నవి మాత్రమే ఉండాలి. ఒక పేజీ.’

రెండో వాక్యం లేకపోతే ఇది మామూలు ఊహాశక్తి పని అయిపోయేది. అది ఉంది కాబట్టి పిల్లలు తిరిగి ఆ ముక్కలోకి వెళ్లి తగవులాడుకుంటారు. కిరణ్ తలుపు దగ్గర ఆగడం ఆమెకు కనిపించిందా? ఆమె బల్ల తలుపుకు ఎదురుగా ఉందో లేదో చెప్పలేదు కదా? వాడు సంచిలో పుస్తకం పెట్టుకోవడం చూసే ‘ఆలస్యమైందా?’ అని అడిగిందేమో? మీరు దృష్టికోణం అన్న మాట వాడకుండానే దృష్టికోణం పాఠం అయిపోతుంది. పేరు తర్వాత చెప్పొచ్చు.

ఒక పేజీ రచనకు నాలుగు పీరియడ్లు కేటాయించండి. సిలబస్ ఒత్తిడి ఉందని తెలుసు. అయినా నెలకు నాలుగు రచనలు హడావిడిగా చేయించేకంటే ఒకటి ఇలా చేయించడం నయం.

మొదటి పీరియడ్‌లో మాటలు, పాయింట్లు, బొమ్మలు ఏదైనా సరే కాగితం మీద పెట్టాలి. చివరి పది నిమిషాలు ఆగకుండా రాయాలి. ఆలోచన రాకపోతే ‘ఏం రాయాలో తెలియడం లేదు’ అని రాసినా ఫరవాలేదు, పెన్ను మాత్రం ఆగకూడదు. రెండో పీరియడ్‌లో రఫ్. లైను వదిలి లైను రాయించండి, మార్పులకు చోటు కావాలి. మూడోది మార్చడానికి. నాలుగోది తప్పులు దిద్ది ఫెయిర్ చేయడానికి.

ఈ చివరి రెండింటినీ కలిపేయకండి. పిల్లలకు ‘మార్చి రాయి’ అంటే అక్షరదోషం దిద్దడం, చేతిరాత బాగా రాయడం అని అర్థం. మార్చడం అంటే ఏమిటో చేసి చూపించాలి. మీ సొంత రఫ్ ఒకటి బోర్డు మీద రాసి, వాళ్ల ముందే ఒక వాక్యం కొట్టేయండి, ఒకటి పైకి జరపండి. ‘ఇక్కడ ఆమె వేలి వైపు ఎంతసేపు చూసిందో చెబితే బాగుంటుందేమో’ అని పైకి అనుకుంటూ ఒక వాక్యం కలపండి. టీచరు రాసినది కూడా మొదటిసారే కుదరదని చూడటం పిల్లలకు ఎంత ఊరటో!

పక్కవాడి రచన చదివి చెప్పమన్నప్పుడు ‘బాగుందా?’ అని అడగకండి. అందరూ బాగుందనే అంటారు, వీడు నాది బాగుందంటే నేను వాడిది బాగుందంటా. దానికి బదులు రెండు పనులు చెప్పండి. నీ కళ్ల ముందు కనిపించిన వాక్యం కింద గీత గియ్యి. నీకు ఇంకా తెలుసుకోవాలనిపించిన చోట ఒక ప్రశ్న రాయి. అంతే.

ఇంటి దగ్గర ఎవరో రాసిపెట్టడం, నెట్‌లోంచి దించడం, ఏఐతో రాయించడం గురించి టెన్షన్ ఉంటే పరిష్కారం ఈ నాలుగు పీరియడ్లలోనే ఉంది. రఫ్ క్లాసులోనే, చేత్తో రాయించండి. ఫెయిర్ కాపీతో పాటు రఫ్ కూడా ఇవ్వాలి, మార్కుల్లో కొన్ని ఆ రెండిటికీ మధ్య జరిగిన మార్పులకు ఉండాలి. అప్పుడు తెచ్చిపెట్టుకున్న రచన వల్ల పెద్దగా లాభం ఉండదు. అనుమానం వచ్చినప్పుడు నిలదీయడం కంటే ‘ఈ వాక్యం ఎందుకు ఇక్కడ పెట్టావు?’ అని అడగండి, తెలిసిపోతుంది.

7. వ్యాకరణం ఎక్కడ?

స్టీవ్ గ్రాహం, డొలోరెస్ పెరిన్ 2007లో 4 నుంచి 12 తరగతుల రచనాబోధన మీద వచ్చిన ప్రయోగాలన్నీ క్రోడీకరించారు. వ్యాకరణాన్ని విడిగా, అభ్యాసాలుగా చెప్పినచోట పిల్లల రచన మెరుగుపడలేదు. చిన్న వాక్యాల్ని కలిపి రాయించినచోట, సారాంశం రాయడం నేర్పినచోట మెరుగుపడింది. వాళ్లు చూసినవి ఇంగ్లీషులో రాసే పిల్లల్ని. వాక్యాలు కలపడం మాత్రం మన భాషలో ఇంకా బాగా కుదురుతుంది.

మూడు వాక్యాలు ఇవ్వండి. బస్సు ఆలస్యమైంది. మీనా నడిచి వెళ్లింది. ఆమె పరీక్షకు సమయానికి చేరింది. ఒకే వాక్యంగా కలపమనండి. ఒకరు ‘బస్సు ఆలస్యమవడంతో మీనా నడిచి వెళ్లి పరీక్షకు సమయానికి చేరింది’ అంటారు. ఇంకొకరు ‘బస్సు ఆలస్యమైనా మీనా నడిచి వెళ్లి పరీక్షకు సమయానికే చేరింది’ అంటారు. రెండూ బోర్డు మీద పక్కపక్కన రాసి తేడా అడగండి. మొదటిదాంట్లో నడవడానికి కారణం తెలుస్తోంది, రెండోదాంట్లో మీనా పట్టుదల తెలుస్తోంది. ‘సమయానికి’ పక్కన ఆ చిన్న ‘ఏ’ చేరితే ఏమైందో కూడా పిల్లలే చెబుతారు. ఐదు నిమిషాల పని ఇది, పీరియడ్ మొదట్లో పెట్టుకోవచ్చు. ‘లేచి, వెళ్లి, చూసి, వచ్చి, తర్వాత, అప్పుడు’ అంటూ పేజీ పొడవునా ఒకే వాక్యం లాగే పిల్లలకు తిరగేసి, పొడుగు వాక్యం విడగొట్టే పని ఇవ్వండి. వాక్యాలు వాళ్ల రచనల్లోంచే తీసుకోండి, పేరు చెప్పకుండా.

8. వెనకబడినవాళ్లు, ముందే అయిపోయినవాళ్లు

వెనకబడినవాళ్లకు ప్రశ్న తేలిక చేయకండి, చదవాల్సింది తగ్గించండి. అదే ప్రశ్న, మూడు వాక్యాల ముక్క. రాయడం కష్టమైనవాళ్లు ముందు జంటగా మాట్లాడుకుని, తర్వాత రాస్తారు. మొదటి వాక్యం మీరే ఇవ్వొచ్చు.

ముందే అయిపోయినవాళ్లకు అదనపు ప్రశ్నలు ఇస్తే అది శిక్షలా ఉంటుంది. రాసినదాన్ని సగానికి తగ్గించమనండి, ఒక్క ఆధారం కూడా పోకుండా. చేసి చూస్తేగానీ తెలియదు ఎంత కష్టమో.

ఇంటి దగ్గర సొంతంగా చదివే పుస్తకాలకు రోజూ పేజీల సంఖ్య, తల్లిదండ్రుల సంతకం అడగడం వల్ల పిల్లలకు చదవడం కంటే సంతకం పెట్టించడం బాగా వస్తుంది. వారానికి ఒకసారి, చదివినదాంట్లోంచి నచ్చిన ఒక వాక్యం ఎత్తి రాసి, ఎందుకు నచ్చిందో రెండు ముక్కలు రాస్తే చాలు.

9. దిద్దడం

అన్ని తప్పులూ ఎర్ర సిరాతో చుట్టేస్తే మీకు గంటలు పడుతుంది, పిల్లవాడు మాత్రం పేజీ తిప్పి కింద మార్కు ఎంతో చూసుకుని మూసేస్తాడు. రూత్ బట్లర్ 1988లో ప్రచురించిన ప్రయోగంలో కొందరికి మార్కులు మాత్రమే, కొందరికి వ్యాఖ్య మాత్రమే, కొందరికి రెండూ ఇచ్చారు. వ్యాఖ్య మాత్రమే అందుకున్నవాళ్లు తర్వాతి పనుల్లో మెరుగయ్యారు. రెండూ అందుకున్నవాళ్లు మెరుగవ్వలేదు, మార్కు పక్కన ఉంటే వ్యాఖ్య పనిచేయలేదు. మనం మార్కులు మానేయలేం. కానీ వ్యాఖ్యతో పుస్తకం తిరిగిచ్చి, పిల్లలు దాని ప్రకారం మార్చాక మార్కు వేయొచ్చు.

వ్యాఖ్య రెండు వాక్యాలకు మించకూడదు. ‘బాగుంది’, ‘ఇంకా కృషి చేయాలి’ అన్నవి ఎవరి పుస్తకంలో అయినా పెట్టొచ్చు కాబట్టి వాటివల్ల ఉపయోగం లేదు. ప్రశ్నకు పెట్టిన పరీక్షే దీనికీ. ‘గడువు సంగతి పట్టుకున్నావు, చాలామందికి అది కనిపించలేదు. వేలు ఊరికే పెట్టి ఉండకూడదా? ఒక వాక్యంలో చెప్పు.’ ఇది ఒక్క పుస్తకానికే సరిపోతుంది, ఏం చేయాలో కూడా చెబుతోంది.

అక్షరదోషాలకు ఒక్కో అసైన్‌మెంట్‌లో ఒక్క రకమే ఎంచుకోండి. ఈసారి ఒత్తులు, వచ్చేసారి ల–ళ, ఆ తర్వాత దీర్ఘాలు. తప్పున్న లైను పక్కన మార్జిన్‌లో చుక్క పెట్టండి, ఎక్కడుందో వాళ్లే వెతుక్కోవాలి. క్లాసులో నలభై మంది ఉంటే ప్రతిదీ దిద్దడం కుదరదు. వారానికి పదేసి పుస్తకాలు నిదానంగా చూడండి, మిగతావి తిరగేసి చూస్తే చాలు. ఎవరివి ఏ వారం చూశారో హాజరుపట్టీ పక్కన గుర్తు పెట్టుకోండి.

పుస్తకాలు తిరిగిచ్చిన పీరియడ్‌లో మొదటి పది నిమిషాలు ఇంకేమీ పెట్టకండి. వ్యాఖ్య చదువుకుని, అది అడిగిన వాక్యాన్ని అక్కడే, దాని కిందే రాయాలి. ఆ పది నిమిషాలూ మీరు బెంచీల మధ్య తిరుగుతూ ఉండండి. వ్యాఖ్య అర్థం కాక పెన్ను పట్టుకుని ఊరికే కూర్చున్న పిల్లలు అప్పుడే కనిపిస్తారు.